మొహమాటపు పాయింట్లు

మా తోడికోడలికి కుర్చీ అంటే పడదు. కూర్చోమంటే అంచున ఆనుకుంటుంది, ఆ కాస్తసేపూ మడమతో నేలని కొడుతూనే ఉంటుంది. అన్నం తింటూ మధ్యలో లేచి కుళాయి కట్టేయడానికి వెళ్తుంది, తీరా చూస్తే అది కట్టేసే ఉంటుంది. ఫోన్ పట్టుకుని వంటింట్లో మాట మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి బాల్కనీలో తేలుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ పిల్లకి మా ఇల్లంటే ఏదో భయం పట్టుకుందేమో అనుకున్నాను. భయం కాదు, పుట్టుకే అంత. ఇప్పుడు నేను మిషన్ మీద కుడుతున్నప్పుడు వెనక ఆమె అడుగుల చప్పుడు వినపడకపోతే నాకే తోచదు.

ఇంత నిలకడ లేని మనిషి చేసే పనేమిటో తెలుసా? ఆస్పత్రి ల్యాబులో రక్తం తీయడం. అక్కడ మాత్రం ఆ చేతులకి ఎక్కడలేని నిలకడ వస్తుంది. నరం చిక్కని ముసలివాళ్లు కూడా ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వస్తారు. "సూదమ్మ ఉందా, లేకపోతే రేపొస్తాం" అంటారు. ఆ పేరే ఆస్పత్రి దాటి, ఆటల హాలు దాకా పాకింది. ఇంట్లో మా అత్తయ్య కూడా కోపం వస్తే "ఓ సూదమ్మా" అని పిలుస్తుంది.

ఆటల హాలు అన్నాను కదా, ఆమె ఆడేది టేబుల్ టెన్నిస్. వాళ్ల నాన్న ఓ క్లబ్బులో తాళాలు చూసుకునేవాడు. సభ్యులంతా వెళ్లిపోయాక బల్లని సగం మడిచి గోడలా నిలబెట్టి, కూతురి చేతికి బ్యాట్ ఇచ్చేవాడు. ఎదుటి మనిషి లేని ఆట అది. కొట్టిన బంతి కొట్టినంత వేగంగా వెనక్కొస్తుంది, అలుపొచ్చేదాకా ఆడుకోవచ్చు. ఈ పిల్లకి తగిన ఆటే దొరికింది.

పంతొమ్మిదో ఏట హిజాబ్ కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ కట్టుకోమనలేదు, వాళ్లమ్మ అయితే "అప్పుడే ఎందుకే" అందట. "ఎందుకు కట్టుకున్నావు?" అని నేనోసారి అడిగాను. "కట్టుకోకుండా బయటికొస్తే నాలో సగమే వచ్చినట్టుంటుందక్కా" అంది. నేను మళ్లీ అడగలేదు. బయటికెళ్లేటప్పుడు నేనూ తల మీద కప్పుకుంటాను గానీ, నాది దేవుడికీ ఎండకీ కలిపి. ఆమెది అలా కాదు. గడ్డం కింద పిన్ను పెట్టి, రెండు కొంగులూ గుండెల మీదుగా నడుము దాకా జారవిడుస్తుంది. కింద మోకాళ్లు దాటే చొక్కా, పొడుగు చేతులు, వదులు పాంటు. ఆటలోనూ అవే బట్టలు. మొదట్లో హాల్లో కొందరు వింతగా చూశారట. తర్వాత అలవాటైపోయి, చూడటం మానేశారు. అసలు చిక్కంతా ఆ మానేయడంలోనే వచ్చిందని అప్పట్లో మాకు తెలియదు.

ఆటలో ఆమె ఆస్తి అంతా సర్వీసే. బల్ల ఎడమ మూలకి వచ్చి పక్కకి తిరిగి నిలబడేది. నడుము వంచి, అరచేతిలో బంతి పెట్టుకుని, ఓ క్షణం దాన్నే చూసేది. ఆ తర్వాత బంతి జానెడు పైకి లేవడం, బ్యాట్ దాన్ని అలా రాసుకుంటూ పోవడం. అటువైపున్న మనిషి కుడికి చెయ్యి చాస్తే బంతి ఎడమకి పోయేది. ఎడమకి చాస్తే నెట్లో పడేది. హాల్లో దానికి ఇంజెక్షన్ సర్వీసని పేరు పెట్టారు. నొప్పి తెలిసేలోపు పని అయిపోతుందని.

మా ఊరి పోటీల్లో ఏటా ఆడుతూనే ఉంది. నాలుగేళ్లలో ఎన్ని మ్యాచులు గెలిచిందో గానీ, ప్రాంతీయ జట్టులో చోటు మాత్రం ఎప్పుడూ అడుగు దూరంలోనే ఆగిపోయేది. సెమీస్ గెలిచిన ఇద్దరికీ, ఫైనల్‌తో పని లేకుండా, ఆ జట్టులో చోటిస్తారు. వేరే ఊళ్లు తిరిగి ఆడొచ్చు, జట్టు పేరున్న చొక్కా తొడుక్కోవచ్చు. ముప్పై దాటాక ఇంకెన్నాళ్లు ఆడతానక్కా, ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదు అని ఆ ఏడు నా చెవిలో జోరీగలా అదే మాట. మా మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని లేనప్పుడు తనే ఆమెని బండి మీద హాలుకి దింపి, ఆట అయ్యేదాకా బయట నిలబడేవాడు. లోపలికొచ్చి చూడమంటే మాత్రం "నాకు గుండె దడ" అని తప్పించుకునేవాడు.

ఆ ఏడు సెమీస్ గెలిచింది.

ఎదురాడింది ఓ కాలేజీ పిల్ల. సన్నగా, పొడుగ్గా, జడ బిగించి కట్టుకుని, పాదరసంలా ఆడింది. బంతి ఆటలోకి వచ్చాక ప్రతిసారీ ఆ పిల్లదే పైచేయి. కానీ మా సూదమ్మ సర్వీసు వచ్చిందంటే చాలు, చేష్టలుడిగి నిలబడిపోయేది. చివరి గేము కూడా ఆ సర్వీసుతోనే అయిపోయింది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. నా వయసుకి అది గంతే.

మొహం కడుక్కుంటానంటే తువ్వాలు పట్టుకుని వెంట వెళ్లాను. ఆడవాళ్ల గదిలో కుళాయి దగ్గర ఆ కాలేజీ పిల్ల నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. సూదమ్మ జాలిపడి భుజం మీద చెయ్యి వేసింది.

"బాగా ఆడావమ్మా. వచ్చే ఏడు నీదే."

ఆ పిల్ల ఒక్కసారిగా ఇటు తిరిగింది. "నాకు బంతి కనిపిస్తే కదా అక్కా ఆడటానికి!"

"అంటే?"

"మీరు వంగినప్పుడు మీ కొంగు ముందుకి వేలాడుతుంది. బంతి దాని వెనకుంటుంది. బ్యాట్‌కి తగిలేదాకా నాకేం కనపడదు. మీ చెయ్యి కదిలిన చప్పుడు విని ఆడాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓడిపోయినవాళ్లకి కారణాలకేం కరువా? అంత కనపడకపోతే అక్కడే చెప్పాల్సింది, నోరు లేదా?" అన్నాను.

"చెబుదామనే అన్నాను ఆంటీ. మా కోచ్ వద్దన్నారు. హిజాబ్ గురించి మాట్లాడావంటే లేనిపోని గొడవవుతుంది, ఆడి ఊరుకో అన్నారు." ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "నాకు ఆవిడ బట్టల మీద కోపమేం లేదు. బంతి కనపడాలని రూలు కదా."

సూదమ్మ నా చేతిలోని తువ్వాలు తీసుకోలేదు. తడి మొహంతోనే హాల్లోకి నడిచింది.

అంపైరు ఇంకా వెళ్లలేదు. ఆయన డ్రాయింగు మాస్టారు, ఉద్యోగం అయిపోయాక ఈ పోటీల్లోనే కాలక్షేపం. మెత్తని మనిషి, కోపంగా మాట్లాడగా ఎవరూ చూడలేదు. నెట్ విప్పి మడతపెడుతున్నాడు.

"మాస్టారూ, నా సర్వీసులో బంతి ఎదుటివాళ్లకి కనిపిస్తోందా?"

ఆయన మడతపెట్టిన నెట్‌ని మళ్లీ విప్పాడు. "ఇప్పుడెందుకమ్మా ఆ మాట? గెలిచావు, హాయిగా ఇంటికెళ్లు."

"కనిపిస్తోందా, లేదా?"

ఆయన నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. చివరికి నేల చూపులు చూస్తూ, "కొన్నిసార్లు అడ్డొస్తుందమ్మా" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

"మరి తప్పు పట్టలేదేం?"

"ఎలా పట్టనమ్మా? తలమీద గుడ్డ గురించి మగవాణ్ని నేనేం మాట్లాడను? నువ్వు నొచ్చుకుంటావేమో, మీవాళ్లు ఇంకోలా అనుకుంటారేమో… నీ మీద గౌరవంతోనే వదిలేశాను. నేనొక్కణ్నే కాదు, మిగతావాళ్లూ అంతే. మొహమాటం."

నేను సూదమ్మని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం పెంచలేదు. "వేరేవాళ్ల చెయ్యి అడ్డొస్తే తప్పంటారు. బంతి జానెడు లేవకపోతే తప్పంటారు. నా ఒక్కదానికే మొహమాటమా? అంటే ఇన్నేళ్లూ నేను గెలవలేదు మాస్టారూ. మీరు వదిలేశారు, అంతే."

ఆయన ఏదో అనబోయాడు. అప్పటికే ఆమె తలుపు దాటేసింది.

ఇంటికొచ్చాక నేనే ఊరడించబోయాను. ఆ పిల్ల ఏదో అంది, ఆయన ఏదో అన్నాడు, నిజమేదో ఎవరికి తెలుసన్నాను. ఆమె భోజనాల బల్ల మీది గిన్నెలన్నీ తీసి పక్కన పెట్టింది. మధ్యలో నా కొలబద్దని రెండు గ్లాసుల మీద ఆనించి నెట్ చేసింది.

"అక్కా, నువ్వు అటు నిలబడు. నేను సర్వీసు వేస్తాను. బంతి నా చేతిలోంచి లేచిన దగ్గర్నించీ నీకు కనిపించాలి. కనిపించిందో లేదో చెప్పు. నా మీద ప్రేమతో మాత్రం చెప్పకు."

నిలబడ్డాను. ఆమె పక్కకి తిరిగి వంగింది. ఎడమ కొంగు భుజం మీంచి జారి, మా మధ్య తెరలా వేలాడింది. టక్కున చప్పుడు. బంతి బల్ల మీద పడి నా నడుముకి తగిలింది. మళ్లీ వేసింది. ఈసారి కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. కొంగు కదలడం కనిపించింది. బంతి మాత్రం ఆ కొంగులోంచి పుట్టినట్టు వచ్చింది.

ఎన్నేళ్లు ఆమె ఆట చూశానో! ఎప్పుడూ పక్కనుంచే చూశాను. ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు.

"కనిపించలేదే" అన్నాను.

మా అత్తయ్య మంచం మీంచి అంతా చూస్తోంది. "కనపడకుండా కొట్టడం తెలివేగా? దానికింత రాద్ధాంతం దేనికి?" అంది.

"ఆటలో అది దొంగతనం అత్తయ్యా."

"నువ్వు కావాలని చేశావా ఏమిటి?"

"లేదు."

"మరింకేం?" అని అత్తయ్య అటు తిరిగి పడుకుంది. మా మరిది కూడా అదే పాట పాడాడు. "కావాలని చేయలేదుగా, చోటు వచ్చింది, దేవుడిచ్చాడనుకో" అన్నాడు. ఆమె ఆయన వంక చూసిన చూపుకి ఆయన బండి తాళాలు తీసుకుని పనేదో గుర్తొచ్చినట్టు బయటికెళ్లాడు.

ఆ మర్నాటి నుంచీ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగేది. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. నమాజుకి నిలబడితే ఆ కాసేపు నెమ్మదిగా ఉండేది, చాప మడవగానే మళ్లీ మొదలు. "అక్కా, పోయినేడు ఆ బ్యాంకు ఆవిడ మీద గెలిచాను కదా, అది నాదా, కొంగుదా?" అని అడిగేది. "అంతకుముందు టీచరమ్మ మీద?" ఒక్కొక్క గెలుపునీ బయటికి తీసి, తిప్పి చూసి, అనుమానంగా పక్కన పెట్టేది. ల్యాబులో ఓ పెద్దాయనకి మొదటిసారి సూది నరం తప్పిందట. ఆయన ఏమీ అనలేదట. "ఆయన కూడా మొహమాటపడ్డాడక్కా" అని ఆ రోజంతా దాని గురించే ఏడ్చింది.

నాకు విసుగొచ్చింది. "ఏడిస్తే బంతి కనపడదు, ఇలా రా" అని టేపు తీసి కొలతలు పెట్టాను.

కొంగులు లోపలికి దోపుకోమన్నాను ముందు. ఒప్పుకోలేదు. దోపుకుంటే గుండెల మీద కప్పు పోతుందని. పోనీ హిజాబ్ వదిలెయ్ అని మాత్రం నేను అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. హాల్లో ఎవరో ఆవిడ "ఆ గంటసేపూ తీసేస్తే పోలా" అందట. "నమాజులోనూ ఆటలోనూ ఒకే మనిషినండీ, గంటకో మనిషిని కాలేను" అని చెప్పి వచ్చింది.

సాగే బట్ట ముదురు నీలంది తెచ్చాను. బంతి తెల్లగా ఉంటుంది కాబట్టి తెలుపు పనికిరాదట. తలకి టోపీలా పట్టి, మెడ చుట్టూ కుట్టేసి, కొంగులనేవే లేకుండా చేశాను. గుండెల మీద కప్పు కోసం చొక్కా ముందు భాగానికే పైన ఇంకో పొర వేసి, రెండు పక్కలా కుట్టులో కలిపేశాను. వంగినా ఒంటినే అంటిపెట్టుకుని ఉండాలి, ఎక్కడా వేలాడకూడదు. మొదట కుట్టింది గొంతు దగ్గర బిగుసుకుని మింగుడు పడలేదు. ఇంకోటి చెమట పడితే వెనక్కి జారింది. సాగే బట్ట మీద నా మిషన్ మొండికేసి కుట్లు దాటేస్తుంటే, సూది మార్చి, నోటికొచ్చిన తిట్లన్నీ దాన్ని తిట్టి, మొత్తానికి ఒకటి సరిగ్గా కుదిర్చాను. అత్తయ్య వేళ్లతో అంచులు తడిమి చూసింది. "కప్పడమే కదా కావలసింది, వేలాడటం కాదుగా. బాగుంది" అంది. ఆవిడ నా కుట్టుని బాగుందనడం మా పెళ్లయ్యాక బహుశా అదే మొదటిసారి.

బట్టలు కుదిరాయి. ఆట కుదరలేదు.

హాల్లో ఆ కొత్త బట్టలతో సర్వీసు వేస్తే, రోజూ ఆడే ఆడవాళ్లు దాన్ని తాపీగా తిప్పి కొట్టారు. అందరూ కాదు, ప్రతిసారీ కాదు. కానీ ఇదివరకు బిక్కమొహం వేసినవాళ్లు ఇప్పుడు నవ్వుతూ కొట్టారు. పైగా "ఏమైంది సూదమ్మా, మందు పని చెయ్యట్లేదా?" అని పరిహాసం. ఇంటికొస్తూ బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కూర్చుంది అన్నానా? రెండు స్టాపుల ముందే లేచి తలుపు దగ్గర నిలబడింది.

"నేను మళ్లీ ఆడాలక్కా" అంది.

"ఆడుతూనే ఉన్నావుగా?"

"ఆ పిల్లతో. ఆ సెమీసే. మళ్లీ."

నాకు మతి పోయింది. చేతికొచ్చిన చోటు. ఏళ్ల తరబడి వెంటపడిన చోటు. ఇప్పుడు దాన్ని తనే తీసుకెళ్లి బల్ల మీద పెడతానంటోంది, అది కూడా సర్వీసు చచ్చిపోయిన ఈ సమయంలో! "నీకేమైనా పిచ్చా?" అన్నాను. "ఓడిపోతావు."

"ఓడిపోతే ఓడిపోతాను. ఆ చొక్కా తొడుక్కుని నేను ఏ ఊరెళ్లి నిలబడను? ఎవరో మొహమాటపడి ఇచ్చిన చొక్కా అది."

పోటీల కార్యదర్శి ఆమె మాట విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, ఫలితం చెప్పేశాం. మళ్లీ ఆడించమని ఓడినవాళ్లు అడుగుతారు గానీ, గెలిచినవాళ్లు అడగడమేంటి? రేపు ఎవరో ఒకరు, హిజాబ్ కట్టుకున్నావిడ చేత మళ్లీ ఆడించారని పేపర్లో రాస్తారు. మాకెందుకొచ్చిన గొడవ?"

"అయితే నా చోటు వదులుకుంటాను. ఎందుకని అడిగితే జరిగింది జరిగినట్టు చెబుతాను. అప్పుడు పేపర్లో ఏం రాస్తారో చూసుకోండి" అంది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆమెని ఎగాదిగా చూశాడు. చివరికి, ఆ పిల్ల తరఫువాళ్లు ఒప్పుకుంటే సరే అన్నాడు. వాళ్లు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఈమె మాత్రం ఇంకో షరతు పెట్టింది. అంపైరుగా ఆ డ్రాయింగు మాస్టారే ఉండాలి.

ఆయన చేతులు జోడించాడు. "నన్ను వదిలెయ్యమ్మా, నా వల్ల కాదు."

"మీరే ఉండాలి మాస్టారూ. నేనెవరో మర్చిపోండి. చూసింది చూసినట్టు చెప్పండి, అంతకంటే నాకేం అక్కర్లేదు."

ఆట రోజు మా మరిది మొదటిసారి హాలు లోపలికొచ్చాడు. వచ్చాడన్నమాటే గానీ, స్తంభం వెనక నిలబడి సగం మొహంతో చూశాడు. నేను ముందు వరసలో కూర్చున్నాను. నీలం బట్టల్లో సూదమ్మ చిన్నపిల్లలా కనిపించింది. అరచేతులు చొక్కాకి తుడుచుకుంటూ, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ నిలబడింది.

మొదటి గేము చూస్తే నాకు ఏడుపొచ్చింది. సర్వీసు వేయడం ఆలస్యం, ఆ పిల్ల దాన్ని తిప్పికొట్టేది. కానీ రెండో గేములో ఏదో మారింది. సర్వీసు మీద ఆశ వదిలేసినట్టుంది. తేలిగ్గా బంతి వేసి, ఆ తర్వాత వచ్చేదానికి సిద్ధంగా నిలబడింది. అప్పుడు తెలిసింది, ఇంట్లో ఉన్నచోట ఉండనీయని ఆ కాళ్లు దేనికి పుట్టాయో. అటు మూలకి వేస్తే అటుంది, ఇటు వేస్తే ఇటుంది. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. గేములు చెరి రెండు అయ్యాయి. చివరి గేములో ఒకరు ఒక పాయింటు తీసుకుంటే ఇంకొకరు వెంటనే లాక్కున్నారు. పదికి పది దగ్గర నిలిచారు. ఇక ఎవరు వరసగా రెండు గెలిస్తే వాళ్లదే ఆట.

సర్వీసు సూదమ్మది.

ఎడమ మూలకి వచ్చింది. పక్కకి తిరిగింది. వంగింది. ఆశ మళ్లీ పుట్టిందనుకుంటాను, ఆ పాత ఇంజెక్షనే వేయబోయింది. బంతి లేచింది, బ్యాట్ కదిలింది, ఆ పిల్ల చెయ్యి తప్పు వైపు వెళ్లింది. పాయింటు! నేను సగం లేచాను.

డ్రాయింగు మాస్టారు చెయ్యెత్తాడు.

"ఫాల్టు" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు. "బంతి కనపడలేదు. పాయింటు అటు."

అందరి చూపూ ఆమె తలమీది నీలం గుడ్డ మీదే. కార్యదర్శి మొహం పాలిపోయింది. నేను ఆగలేకపోయాను. "ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని కూర్చున్నారు, ఇప్పుడే తెరుచుకున్నాయా? దాని కొంగు ఎక్కడుందో చూపించండి! నేను కుట్టిన బట్ట అది, ఎక్కడ వేలాడిందో చూపించండి!" అని అరిచాను. వెనక ఎవరో "అవును, అన్యాయం" అన్నారు.

"అక్కా, కూర్చో!"

సూదమ్మ నా వైపు తిరిగి ఉంది. మొహం ఎర్రబడింది. "బట్ట కాదు, నా చెయ్యి. ఎడమ చెయ్యి తియ్యలేదు, బంతికి అడ్డొచ్చింది. మాస్టారు సరిగ్గానే చూశారు."

కూర్చున్నాను. ఆ పిల్ల సర్వీసు వేసింది. బంతి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో చెప్పలేను, చూస్తున్నవాళ్ల మెడలే నొప్పెట్టాయి. చివరికి ఓ బంతి కాస్త ఎత్తుగా లేచింది. సూదమ్మ ముందుకి దూకి బలమంతా పెట్టి కొట్టింది. అది బల్ల అంచుకి వేలెడు దూరంలో నేల మీద పడింది.

ఆట అయిపోయింది. చోటూ పోయింది.

ఆ పిల్ల పరుగున వచ్చి ఆమెని గట్టిగా కౌగిలించుకుంది. మాస్టారు కుర్చీ దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు. సూదమ్మ పరాయి మగవాళ్లకి చెయ్యి కలపదు. కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచింది. ఆయన ఇంకా ఎక్కువ వంచాడు. నాకు మాత్రం ఆయన మీద కోపం చల్లారలేదు. అప్పుడు వదిలేసినందుకా, ఇప్పుడు పట్టినందుకా అని అడిగితే చెప్పలేను. రెండింటికీ అనుకుంటాను.

బండి మీద ఆమె మా మరిది వెనక కూర్చుంది, నేను బస్సెక్కాను. నేను ఇల్లు చేరేసరికి గుమ్మం దగ్గరే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. అత్తయ్య లోపల్నించి వచ్చింది.

"ఏమైందే? గెలిచావా?"

"ఓడిపోయానత్తయ్యా."

"ఆ మాస్టారేగా? ఏమైనా అన్నాడా నిన్ను?"

"తప్పు పట్టారు. అందరికీ పట్టినట్టే నాకూ పట్టారు." అంతవరకూ బాగానే చెప్పింది. అక్కడ బావురుమంది. ఏడుస్తూనే, ఒక్కో మాటా ఏరుకున్నట్టు అంది. "ఇన్నేళ్లూ గెలిచిందెవరో నాకు తెలీదత్తయ్యా. ఇవాళ ఓడింది మాత్రం నేనే."

అత్తయ్యకి ఏం అర్థమైందో తెలియదు. ఆమె తలని తన భుజానికి ఆనించుకుని, "నువ్వేలే, నువ్వేలే" అంటూ వీపు నిమిరింది. నేను వంగి ఆమె చెప్పులు విప్పాను.